ఎర్మినమ్మ నీడ

ఇల్లు ఊడ్చేటప్పుడు పోలేరమ్మకు రోజూ ఒకటే తగాదా. ఎర్మినమ్మ కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు కుదురుగా కూర్చునే ఉంటుంది. ఆమె నీడ మాత్రం గది నడిమధ్య కాళ్ళు బారజాపుకుని, జడలు ఊపుకుంటూ ఆడుకుంటుంటుంది. చీపురు దగ్గరికొచ్చినా లేవదు.

“లెయ్ మ్మే, లెయ్! ఆ కాళ్ళు అట్ల తియ్యి, ఊడ్సాల,” అని పోలేరమ్మ కసురుతుంది. నీడ నింపాదిగా లేచి ఎర్మినమ్మ కుర్చీ కిందికి దూరుతుంది. పోలేరమ్మ ఊడ్చుకుని అటు తిరగ్గానే మళ్ళీ వచ్చి అక్కడే చతికిలబడుతుంది.

ఎర్మినమ్మకు డెబ్భై ఏడేళ్ళు. నీడకు తొమ్మిది. రెండు జడలు, మోకాళ్ళ దాకా గౌను, బక్క కాళ్ళు. కువైట్ నగరం షర్క్‌లో చేపల మార్కెట్ వెనక సందులో, మూడో అంతస్తులో ఉండే ఈ ఇటలీ ముసలమ్మ దగ్గర పెళ్ళిబట్టలు కుట్టించుకోని కువైటీ ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు, తినదని తెలిసినా, నీడకని ఒక మిఠాయి తెచ్చి పెట్టేవాళ్ళు. చేపలమ్మే ముసలాయన ఎర్మినమ్మకు సలాం చెప్పి, కిందికి వంగి “నువ్వు బాగున్నావా బిడ్డా?” అని వేరేగా అడిగేవాడు. పోలేరమ్మ పనిలో చేరిన మొదటిరోజే నీడను చూసింది. ఈ పిల్లకు పాపిడి ఎవరు తీసినారో గానీ వంకరగా తీసినారే అనుకుంది. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

అసలు పేరు ఎర్మీనియా. పోలేరమ్మ కడప నోట్లో పడి ఎర్మినమ్మ అయింది. ఆమె భర్త సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చి, ఇక్కడే కాలం చేశాడు. ఆమె వెనక్కి పోలేదు. పోలేరమ్మది రాయచోటి పక్కన పల్లె. పెనిమిటి ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకుంటే, పోరా నాయనా నీ దోవన నువ్వు పో అని, ముప్పై నాలుగో ఏట విమానం ఎక్కేసింది. ఆరేళ్ళుగా ఇద్దరూ మాట్లాడుకునేది వంటింటి అరబ్బీ. అందులో సగం చేతులతోనే. ఇక్కడి పనివాళ్ళ అలవాటు కొద్దీ పోలేరమ్మ ఆమెను ‘మామా’ అనేది, అరబ్బీలో అమ్మా అని; ఆమె పోలేరమ్మను ‘పోలా’ అనేది. శనివారం శనివారం పోలేరమ్మ ఎర్మినమ్మ తలకు కొబ్బరినూనె పెట్టి దువ్వేది. నేలమీద నీడ జడలు కూడా నున్నగా అయ్యేవి.

ఇంత చక్కగా గడుస్తుంటే 1990 ఆగస్టు రెండో తారీకు, గురువారం పొద్దున, ఇరాక్ ట్యాంకులు ఊళ్ళోకి వచ్చినాయి.

మొదటిరోజు సైనికులు దాహమని నీళ్ళడిగారు. పోలేరమ్మ పోసింది. అందరూ మూతిమీద సరిగా మీసం రాని పిల్లకాయలే. మూడోరోజు అంగళ్ళలోంచి ఫ్రిజ్‌లు మోసుకుపోయారు. వారం తిరక్కుండా ఇది దేశం కాదు, మా దేశంలో ముక్క అన్నారు. పదిహేనోరోజు వాళ్ళ అధ్యక్షుడి ఫోటోలు పంచారు.

తలుపు దబదబ కొట్టగానే పోలేరమ్మ ఎర్మినమ్మను పెళ్ళిబట్టల బీరువాలోకి తోసేసింది. తెల్లవాళ్ళంతా ఫలానా హోటల్లో హాజరు కావాలని అప్పటికే రేడియోలో చెప్పారు. పోయినవాళ్ళను లారీల్లో ఎక్కడికో తీసుకుపోతున్నారు. దాచిపెట్టినవాళ్ళకు చావే శిక్ష అని కూడా చెప్పారు. నీడను ఎవరూ తోయలేదు. అదే పరుగున వంటింట్లోకి పోయి పొయ్యి వెనక నక్కింది.

గడపలో సైనికుడు టోపీ పెట్టుకుని నవ్వుతున్న పెద్దాయన ఫోటో ఇచ్చాడు. “గోడకు పెట్టు. రేపొచ్చి చూస్తాం,” అని మెట్లు దిగి పోయాడు.

పోలేరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఈయప్ప మనకేం మేనమామా, గోడకు పెట్టుకోడానికి! పిండి డబ్బాకు మూత పోయిందిలే మామా, దానికి సరిపోతాది,” అని పకపకా నవ్వింది.

బీరువాలోంచి వచ్చిన ఎర్మినమ్మ నవ్వలేదు. “నవ్వొద్దు పోలా. మేకు తీసుకురా,” అంది. తలుపు గడియ ఇంకోసారి చూసుకుని, ఫోటోను తనే గోడకు కొట్టింది. ఎందుకంత భయమో పోలేరమ్మకు అప్పుడు అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చేసింది ఆముదం.

అంగళ్ళు మూతపడ్డాయి. ఇద్దరూ ఎండు రొట్టె, పప్పు తిని బతుకుతున్నారు. ఎర్మినమ్మకు నాలుగు రోజులుగా కడుపు బిగబట్టుకుపోయింది. మందుల షాపులు దోచుకున్నారు. పోలేరమ్మ ఊరుకుంటుందా? ట్రంకు పెట్టె అడుగునుంచి తన సీసా తీసింది. ఇంటిదగ్గర గానుగ ఆడించి తెచ్చుకున్న చిక్కటి ఆముదం. చంటిబిడ్డకు, బాలింతకు, పండుముసలికి, ఎవరికి కడుపు బాగలేకపోయినా వాళ్ళ పల్లెలో అదే మందు. గ్లాసులో రెండు చెంచాలు పోసి, కాస్త వేడి చేసి, ఎంతో ప్రేమగా తీసుకుపోయింది.

“కండ్లు మూసుకోని గుటుక్కున మింగు మామా. సాయంత్రానికి హాయిగుంటాది.”

ఆ వాసన ముక్కుకు తగలగానే ఎర్మినమ్మ మొహం పాలిపోయింది. గ్లాసు చేతిలోంచి జారింది. నీడ ఎప్పుడు పోయిందో పోయింది. ఆమె కాళ్ళ దగ్గర వట్టి నేల, అంతే.

ఒకరోజు గడిచింది, రెండో రోజూ గడిచింది. నీడ పొయ్యి వెనకనుంచి బయటికి రాలేదు. నీడ లేక ఎర్మినమ్మ తేలిపోయినట్టు అయింది. లేస్తే తల తిరుగుతోంది, ముద్ద నోట్లోకి పోవడం లేదు. పోలేరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. “నేనేం పాపం చేసినా మామా? మా అమ్మ నాకు పోసిందే నీకు పోసినా గదా!” అని మంచం పక్కన కూలబడింది.

అప్పుడు చెప్పింది ఎర్మినమ్మ, పడుకునే, ఆగి ఆగి.

“మా ఊరు చిన్నది పోలా. మా నాన్న చెప్పులు కుట్టేవాడు. ఒక ఏడు కొంతమంది కుర్రాళ్ళు నల్లచొక్కాలు వేసుకుని లారీల్లో పాటలు పాడుకుంటూ తిరగడం మొదలుపెట్టారు. రొట్టెలమ్మే ఆయన కొడుకూ వాళ్ళల్లో ఉండేవాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడే. మేం నవ్వాం. పిల్లకాయలు, పెళ్ళిళ్ళయితే వాళ్ళే కుదురుకుంటారులే అన్నాం. తర్వాత మా బడిపంతులు దండం పెట్టే తీరు మార్చాడు. చెయ్యి ఇలా చాపమన్నాడు. తర్వాత అంగళ్ళలో వాళ్ళ నాయకుడి ఫోటోలు వచ్చాయి. ప్రతివాడూ పక్కవాడిని చూసి పెట్టాడు. మా నాన్న పెట్టలేదు. నా అంగడి గోడ చెప్పులు తగిలించుకోవడానికి అన్నాడు.”

“మంచిమాట అన్నాడు,” అంది పోలేరమ్మ.

“ఆ మాటకు ఊరంతా నవ్వింది. ఆ వారమే వాళ్ళు ఇంటికి వచ్చారు. నలుగురు నాన్నను పట్టుకున్నారు. రొట్టెలాయన కొడుకే నాన్న నోట్లో గరాటా పెట్టాడు. లీటరు ఆముదం పోశారు. ఇంకా పోశారు. చొక్కా, గుడ్డలు అన్నీ పాడైపోతే అలాగే వీధుల్లో నడిపించారు. తలుపులు తీసి చూసినవాళ్ళంతా మాకు తెలిసినవాళ్ళే. ఒక్కరూ నోరెత్తలేదు. నాన్న ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. నేను అప్పుడు పొయ్యి వెనక దాక్కుని చూశాను. తర్వాత నేను లేచి వచ్చాను, పెరిగాను, పెళ్ళి చేసుకున్నాను. అది రాలేదు. అది తొమ్మిదేళ్ళ దగ్గరే ఉండిపోయింది.”

ఆముదాన్ని అట్ల వాడే మనుషులు లోకంలో ఉంటారని పోలేరమ్మ కలలో కూడా అనుకోలేదు. కళ్ళు తుడుచుకుని, సీసా, చెంచా పట్టుకుని వంటింట్లోకి పోయింది. పొయ్యి పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“ఏమ్మే, చూడు. ఇది మాయమ్మ పోసిన ఆముదం. నాకు జరమొచ్చినా, పరీక్ష తప్పినా ఇదే పోసేది మహాతల్లి. చంపేదానికి గాదు, సాకేదానికి. నువ్వు తాగొద్దులే. నేను తాగుతా, నువ్వు చూడు.”

చెంచా నిండా పోసుకుని గుటుక్కున మింగింది. మింగాక మొహం ఎట్లా పెట్టిందంటే, ఆముదం తాగినవాళ్ళకే తెలుస్తుంది. కళ్ళు మెల్లగా తిరిగాయి, నాలుక బయటికొచ్చింది, “థూ! వాయనో!” అని ఒళ్ళంతా జలదరించింది. పొయ్యి వెనక చీకట్లో రెండు జడలు కదిలాయి. పోలేరమ్మ ఇంకో చెంచా మింగింది. ఈసారి నీడ భుజాలు కదిలించి నవ్వడం స్పష్టంగా కనబడింది. ఆ సాయంత్రం అది పాక్కుంటూ బయటికి వచ్చి, ముందు పోలేరమ్మ కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని, ఆ తర్వాతే ఎర్మినమ్మ దగ్గరికి పోయింది. పోలేరమ్మ సంగతి మాత్రం అడక్కండి. మరుసటిరోజు మధ్యాహ్నం దాకా ఆ తల్లి పాయిఖానా వదిలితే ఒట్టు.

ఇరవై మూడోరోజు పొద్దున కింది అంగడి మూసా పైకి వచ్చాడు. ఎప్పుడూ పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి, గడప దగ్గర నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

“నేను చెప్పేశాను,” అన్నాడు. “నా కొడుకును పట్టుకున్నారు. ఈ బిల్డింగులో తెల్లవాళ్ళు ఎవరున్నారని అడిగారు. తెల్ల ముసలావిడ ఉంది, ఆమె నీడ చిన్నపిల్ల నీడ అని చెప్పేశాను. కాగితం మీద రాసుకున్నారు. దారుల్లో మనుషుల్ని ఆపి సోదా చేసే నాకాబందీలన్నిటికీ పంపారంట. ఈ రోజే వెళ్ళిపోండి.” అని చేతిలోని ఖర్జూరాల డబ్బా కింద పెట్టి, కళ్ళొత్తుకుంటూ దిగిపోయాడు. అతన్ని తిట్టాలో జాలిపడాలో పోలేరమ్మకు తెలియలేదు. ఎర్మినమ్మ మాత్రం, “పాపం, తనే వచ్చి చెప్పాడు. మా రొట్టెలాయన ఇలా ముందుగా వచ్చి చెప్పలేదు,” అంది.

పోలేరమ్మ చెప్పంపితే గంటలో జిలానీ బాషా వచ్చాడు. కడప వాడు, మంగఫ్‌లో కంపెనీ బస్సు డ్రైవరు. అదే బస్సులో నలభైమంది మనవాళ్ళను ఎక్కించుకుని బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు బయలుదేరుతున్నాడు. అక్కడినుంచి మనదేశం విమానాలు ఉన్నాయి.

“అక్కా, నువ్వు ఒక్కదానివైతే ఇప్పుడే ఎక్కు. మనోళ్ళను ఆపడంలేదు,” అన్నాడు.

“మామాను ఇడిసిపెట్టి నేను యాడికీ రాను జిలానీ. నువ్వు ఏం జేస్తావో నాకు తెల్దు.”

జిలానీ తల గోక్కున్నాడు. అతని తల్లి ఖాదర్‌బీ రెండేళ్ళ కిందట ఇక్కడ ఇంటిపని చేసి వెళ్ళిపోయింది. ఈ దేశంలో ఉండటానికి ఆమెకిచ్చిన పాత ఇఖామా కార్డు, ఆమె నల్ల బురఖా అతని దగ్గరే ఉన్నాయి. “ముసుగేసుకుంటే మా అమ్మే అని చెప్తా. ముసలోళ్ళ ముసుగు ఎవరూ తియ్యరు. కానీ ఈ నీడ సంగతేంది? దాన్ని యాడ దాచేది?”

ముగ్గురూ నీడ వైపు చూశారు. అది తల వంచుకుంది.

“మిట్టమధ్యాన్నం పోదాం,” అంది పోలేరమ్మ. “ఎండ నెత్తిమీదుంటే నీడలన్నీ కాళ్ళకిందనే ఉంటాయి. ఎవరిది ఎవరిదో తెలీదు.”

లెక్క బాగానే ఉంది. జహ్రా దాటాక ఉన్న నాకాబందీకి సరిగ్గా పన్నెండింటికి చేరాలి. చేరేవాళ్ళే. కానీ ఊరు దాటగానే ఫ్యాన్ బెల్టు తెగింది. జిలానీ ఇంజను కింద దూరి, ఎవరి తోలుబెల్టో కట్టి, అది కూడా తెగి, ఇంకోటి కట్టి, బండి కదిలేసరికి మూడు దాటింది. నాకాబందీ చేరేసరికి నాలుగున్నర.

“అందరూ దిగండి. వరసగా నిలబడండి,” అన్నాడు సైనికుడు. బస్సుకు దూరంగా, ఎండలో, ఇసుక మీద నిలబెట్టాడు. పడమటి ఎండకు నలభైమంది నీడలూ పొడుగ్గా సాగి పడ్డాయి. పోలేరమ్మ పక్కన బురఖాలో ఎర్మినమ్మ. ఆమె కాళ్ళ ముందు పొడుగాటి రెండు జడలు, గౌను, ఇసుకమీద వేలితో గీసినంత స్పష్టంగా.

కళ్ళజోడు పెట్టుకున్న ఒక అధికారి చేతిలో కాగితంతో అటు చివరినుంచి వస్తున్నాడు. మనుషుల మొహాలు చూడటం లేదు. నేల చూస్తూ నడుస్తున్నాడు.

నీడ వణకడం మొదలుపెట్టింది. అటు చూసింది, ఇటు చూసింది. ఎడారిలో పొయ్యి ఎక్కడుంది, వెనక దాక్కోవడానికి? ఇప్పుడు పరుగెత్తిందంటే అందరూ చూస్తారు. ఎర్మినమ్మ జిలానీ చెయ్యి పట్టుకుంది. ఈ ముసలమ్మను ఏ లారీలోనో ఎక్కించేస్తే తను బతికుండి కూడా చచ్చినట్టే అనుకుంది పోలేరమ్మ. నేలవైపు చూసి, మెల్లగా, ఇంట్లో పిలిచినట్టే పిలిచింది.

“దా మ్మే. నా దగ్గరికి దా. ఏం గాదు, నేనుండా గదా.”

నీడ ఒక్క క్షణం ఆగింది. ఎర్మినమ్మ కాళ్ళు వదిలింది. ఇసుకమీద మూడడుగులు నడిచి వచ్చి, పోలేరమ్మ నీడ కుచ్చెళ్ళు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. దాక్కోలేదు. ఎదురుగానే నిలబడింది.

అధికారి వచ్చి ఆగాడు. “ఈ పిల్ల ఎవరిది?”

“బింతీ,” అంది పోలేరమ్మ. నా కూతురు.

“పిల్ల ఏది? నీడే కదా ఉంది?”

పోలేరమ్మ అబద్ధం ఆడదామనే నోరు తెరిచింది. కానీ బయటికి వచ్చింది నిజం. తనకొచ్చిన ముక్కలు ముక్కల అరబ్బీలో చెప్పింది. “నాకు పిల్లలు పుట్టలేదు సార్. దేవుడు నాకు ఇంతవరకే ఇచ్చినాడు. ఉన్నంతవరకు ఇది నాదే.” చెబుతుంటే కన్నీళ్ళు ధారగా కారాయి. ఆరేళ్ళుగా ఈ మాట తన కడుపులో ఉందని ఆమెకే తెలియదు.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బురఖా ముసలమ్మ వైపు తిరిగాడు. ఆమె కాళ్ళ దగ్గర చూశాడు. ఎర్రటి ఇసుక తప్ప ఏమీ లేదు. కాగితం ఒకసారి చదివాడు, ఇంకోసారి చదివాడు.

పక్కన సైనికుడు అన్నాడు, “ముసుగు తీయమనమంటారా?”

“ఇందులో ఏముంది?” అన్నాడు అధికారి కాగితం చూపించి. “చిన్నపిల్ల నీడ ఉన్న ముసలిది. ఈమెకు నీడే లేదు. నీడ లేని ముసలిదాని గురించి పైవాళ్ళు ఏమీ రాయలేదు. రాయనిది చేస్తే రేపు జవాబు నువ్వు చెప్తావా, నేను చెప్పాలా?”

అధికారి వేరే కాగితం తీసి రాశాడు. పోలేరమ్మ, కూతురు ఒకటి. ఖాదర్‌బీ, ముసలిది, నీడ లేదు. కింద సంతకం పెట్టాడు. “యల్లా, ఎక్కండి. ఆ పిల్లను ముందు ఎక్కించండి, ఇసుక కాలుతోంది,” అన్నాడు.

ఆ కాగితమే బస్రాలో చూపించారు, బాగ్దాద్‌లో చూపించారు. దారి పొడుగునా పోలేరమ్మ ఎర్మినమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని, తడిగుడ్డతో మొహం తుడుస్తూ, మామా, నిద్దరపోవద్దు, నాతో మాట్లాడు అని పోరుతూనే ఉంది. ఎడారి గుడారాల్లో రెండు రోజులున్నారు. అమ్మాన్ చేరాక ఇటలీ ఎంబసీ వాళ్ళు కారేసుకుని వచ్చారు.

కారు దగ్గరికి నడుస్తూ ఎర్మినమ్మ బురఖా తీసేసింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఆమె కాళ్ళ దగ్గర ఒక నీడ పడి ఉంది. నడుము వంగి, జుట్టు ముడేసుకున్న ముసలి నీడ.

“ఇదెవరు పోలా?”

“నువ్వే మామా.”

“అయ్యో దేవుడా! ఇంత ముసలిదాన్ని అయిపోయానా!” అని పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ చెయ్యి పైకెత్తి చూసుకుంది, పక్కకు ఊగి చూసుకుంది. ముసలి నీడ అన్నీ తనలాగే చేసింది.

పోలేరమ్మ కిందికి చూసి, “పో మ్మే. మామా పోతాంది, నువ్వూ పో,” అంది. పిల్ల కుచ్చెళ్ళు వదల్లేదు.

“దాన్ని నాతో రానీయకు,” అంది ఎర్మినమ్మ. “నా దగ్గర అరవై ఎనిమిదేళ్ళు దాక్కుంది పోలా. నేనే భయపడుతుంటే అది ఎలా బయటికి వస్తుంది? నీ పక్కన నిలబడింది. నీతోనే ఉండనీ.” అని పోలేరమ్మను దగ్గరికి తీసుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. తర్వాత వంగి, నడుము పట్టేసినా సరే, నేలమీద ఆ వంకర పాపిడిని వేళ్ళతో నిమిరింది.

పోలేరమ్మ ఊరు చేరి, చెల్లెలి ఇంటి పక్కన కొట్టంలో కాపురం పెట్టింది. పిల్లెవరమ్మే అని ఊళ్ళోవాళ్ళు అడిగారు. నా కూతురు అని చెప్పింది. మరుసటేడు జూన్‌లో, బడి తెరిచిన రోజు, నున్నగా దువ్వించి, పొద్దుటెండలో చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. హెడ్మాస్టరు సూరిబాబు గారు రిజిస్టరు తీసి, గడపలో పడిన నీడను చూసి, కలం మూత తీశారు.

“పిల్లకు ఎన్నేళ్ళమ్మా?”

తొమ్మిది అనబోయి పోలేరమ్మ కిందికి చూసింది. గౌను మోకాళ్ళ పైకి పోయింది. జడలు నడుం దాటాయి. తల తన నడుము దగ్గర ఉండేది, ఇప్పుడు మోచేతికి తగులుతోంది.

“పోయినేడు దాకా తొమ్మిదే సార్,” అంది, నోరంతా నవ్వుతో. “ఇప్పుడు పది నడుస్తాంది.”